నరసరావుపేట నుంచి మాచర్లకు ఆకాశమార్గం

1946 అక్టోబరు పదో తేదీ, గురువారం నాడు పల్నాడు ఆకాశంలోకి ఎక్కింది. ఆ రోజు వైమానిక విద్యా సంఘం సభ్యులు పులిహోర, మినపగారెలు, బూందీ లడ్లు తిన్నారు. రేషను రోజులు కనక విద్యార్థులకు ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పెట్టారు. పైలట్లు బరువెక్కకూడదని అధ్యక్షులు మల్లికార్జునరావు గారు ప్రారంభోపన్యాసంలో శాస్త్రీయంగా వివరించారు.

విమానం లేదు. విమానం దిగే మైదానమూ లేదు. ఇలాంటి చిన్న విషయాలు పట్టుకుని వేళ్ళాడేవాళ్ళ వల్లనే దేశం వెనకబడిందని కూడా వారు సెలవిచ్చారు. ఉన్నది ఒక పెట్టె. యుద్ధం ముగిశాక దొరలు వేలంలో అమ్మేసిన సామానులో దొరికింది. దానికి పొట్టి రెక్కలు, తోక. లోపల ఒక మనిషి కూర్చునే చోటు, చేతికి అందేలా నడిపే కర్ర, ముందు దిక్కూ ఎత్తూ వేగమూ చూపే గడియారాలు, పైన మూత. మూత వేస్తే లోపలివాడికి బయట ప్రపంచం కనపడదు. మబ్బులో చిక్కుకున్న పైలటు పరిస్థితి అదే. లోపలివాడు కర్ర కదిపినట్టల్లా పెట్టె ఉన్నచోటే ఒరుగుతుంది, తిరుగుతుంది. పక్కన బల్ల మీద పల్నాడు పటం. ఆ పటం మీద మూడు చక్రాల చిన్న యంత్రం ఒకటి పాకుతూ, నిజంగా ఎగిరి ఉంటే విమానం ఏ దారిన పోయేదో ఎర్రసిరాతో గీస్తుంది. పీతలా పాకుతుంది కనక దాన్ని అందరూ ఎండ్రకాయ అనేవారు. ఆ గోడౌను మొత్తం మీద అబద్ధం చెప్పడం చేతకానిది అదొక్కటే.

గోడౌను అధ్యక్షుల వారి వేరుశనగ నూనె మిల్లుది. కరెంటు మిల్లు డైనమోది. మాస్టారు ఇన్నయ్య. బి.ఎ. చదివి, యుద్ధంలో నాలుగేళ్ళు ఉత్తరాదిన ఇలాంటి పెట్టె దగ్గరే పనిచేసి, భార్య పోయాక ఊరు చేరినవాడు. ప్రారంభం నాడు పులిహోర సభ్యుల వరసతోనే ఆగిపోయింది. మిల్లులో గోతాలు కుట్టే హజ్రా బీ, మాస్టారికి ఇంట్లో వండిపెట్టేవారు లేరని, రెండు గారెలు ఆకులో చుట్టి ఆయన కుర్చీ మీద పెట్టి పోయింది. ఆ సభలో జరిగిన వాటన్నిటిలో ఇన్నయ్యకు గుర్తు పెట్టుకోదగ్గదిగా తోచింది అదే.

ఆయన పాఠం చిన్నది. "మబ్బులో మన ఒళ్ళు మనకే అబద్ధం చెబుతుంది నాయనా. పక్కకు ఒరిగిపోతూ కూడా సూటిగా ఉన్నామనుకుంటాం. ఒళ్ళు చెప్పింది వినొద్దు. ముల్లు చూపిందే నమ్ము."

ఎనిమిదిమంది విద్యార్థుల్లో ఈ మాట నమ్మినవాడు యేసుపాదం ఒక్కడే. వాళ్ళమ్మ సారమ్మ మిరప కల్లాల్లో కూలికి పోతుంది. మద్రాసులో నిజం విమానాలున్న బడివారు మన సంఘం ముద్ర వేసి పంపిన ఒక్కణ్ణి చేర్చుకుంటామని రాశారు. ఇరవై రెండేళ్ళు నిండకూడదు. యేసుపాదానికి ఏప్రిల్‌లో నిండుతాయి. అంచేత ఆ ఒక్కణ్ణి ఎంచడానికి మార్చిలో పెట్టే పరీక్షే అతనికి మొదటిదీ, చివరిదీ.

ఈలోగా సంఘం పాఠ్యప్రణాళికను మెరుగుపరిచింది.

మొదట బయలుదేరడం. మాచర్ల నరసరావుపేటకు పడమర. శుక్ర, ఆదివారాల్లో పడమరకు వారశూల. కనక ఆ రోజుల్లో పైలటు తూర్పుకు లేచి, ఎడ్లపాడు దాకా పోయి, అక్కడ తిరుక్కుని రావాలని నిర్ణయించారు.

తరవాత దారి. సూటిగా నలభై అయిదు మైళ్ళు. ఇన్నయ్య స్కేలు పెట్టి గీత గీసి చూపించగానే ముప్పాళ్ళ సభ్యుడు లేచాడు.

"మా ఊరి మీదగా పోకపోతే మేమెందుకయ్యా ఈ సంఘంలో?"

"ముప్పాళ్ళ ఉత్తరాన ఉందండి. మాచర్ల పోయేవాడికి అడ్డం కాదు."

"అడ్డం కాదంటే ఏంది? మా ఊరంటే అంత అలుసా?"

గీత ముప్పాళ్ళకు వంగింది. ధరణికోట సభ్యుడు చానా మర్యాదస్తుడు. తన ఊరు ఒకప్పుడు రాజధాని అని మాత్రం గుర్తుచేసి కూర్చున్నాడు. గీత కృష్ణ ఒడ్డు దాకా పోయింది. గురజాల కోటయ్య గారు తన ఊరు రావాలన్నారు. తనతో పార్టీ తగాదా ఉన్నవాళ్ళ మెరక పొలం మాత్రం రాకూడదన్నారు. గీత అక్కడ పాములా మెలిక తిరిగింది.

"పెట్రోలు గంటన్నరకేనండి. మాచర్ల చేరకముందే విమానం పడిపోతుంది," అన్నాడు ఇన్నయ్య.

"పెట్టెలో పెట్రోలు యాడుందయ్యా, అయిపోటానికి?" అన్నారు అధ్యక్షులు. ఈ చమత్కారాన్ని మినిట్సు పుస్తకంలో రాసుకున్నారు.

చివరిది దిగడం. తిరిగొచ్చే పైలటు ముందుగా కోటప్పకొండకు మూడు ప్రదక్షిణాలు చేయాలి. అంతవరకూ ఇన్నయ్య సర్దుకునేవాడే. అయితే గుడి కన్నా ఎత్తున ఎగరడం స్వామి నెత్తిన ఎగరడం అవుతుంది గనక, గుడి కన్నా కిందగానే తిరగాలని తీర్మానించారు.

"మబ్బులో కొండ కనపడదండి. కొండ కన్నా కింద తిరిగితే కొండకే కొట్టుకుంటారు."

"అంత పుణ్యం ఎంతమందికి దొరుకుద్దయ్యా?" అన్నాడొక సభ్యుడు.

పరీక్ష మార్చిలో ఒక శుక్రవారం పెట్టారు. అధ్యక్షుల వారి మేనల్లుడు సాంబశివరావు ముందు ఎక్కాడు. మూత వేస్తే ఇతనికి ఊపిరాడదు. అందుకని మూతను జానెడు తెరిచి పట్టుకుని, బల్ల మీద ఎండ్రకాయ ఎటు పోతోందో చూస్తూ కర్ర తిప్పే పద్ధతి కనిపెట్టాడు.

"మూత వెయ్యాలి బాబూ. ఇప్పుడు నువ్వు మబ్బులో ఉన్నావు," అన్నాడు ఇన్నయ్య.

"నేను గోడౌన్లో ఉన్నా మాస్టారూ. మబ్బు యాడుంది?"

సభ్యులు నవ్వారు. కుర్రవాడికి వాస్తవ దృష్టి ఉందని మెచ్చుకున్నారు. ఎండ్రకాయ ఎడ్లపాడు పోయింది, ముప్పాళ్ళ పోయింది, ధరణికోట చుట్టింది, గురజాల దగ్గర మెలిక తిరిగింది. ఊరు వచ్చినప్పుడల్లా ఆ ఊరి సభ్యుడు చప్పట్లు కొట్టాడు. పెట్రోలు గంటన్నరకు అయిపోతే విమానం మరో గంటంబావు భక్తి మీద ఎగిరింది. కొండ దగ్గర ఎర్రగీత గుట్టలో నుంచి రెండుసార్లు అవతలికి పోయింది. స్వామి దర్శనం దగ్గరగా అయిందని ఎవరో చెంపలు వేసుకున్నారు.

తరవాత యేసుపాదం ఎక్కాడు. మూత వేయించుకున్నాడు. సందుల్లోంచి వెలుతురు రాకుండా హజ్రా బీ కుట్టిచ్చిన నల్లగుడ్డ దించమన్నాడు. శుక్రవారం పూట పడమరకే లేచాడు. మధ్యలో మిల్లు ఇంజను దగ్గి కరెంటు తగ్గింది, పెట్టె ఒక పక్కకు ఒరిగింది. లోపల ఉన్నవాడు ముళ్ళు చూసి సరిచేసుకున్నాడు. ఎండ్రకాయ మాచర్ల చేరింది, వెనక్కి తిరిగింది, కొండకు ఆమడ దూరాన ఉండగానే దిగడం మొదలుపెట్టి నరసరావుపేట చుక్క మీద వచ్చి ఆగింది. గంటా అయిదు నిమిషాలు. ఇన్నయ్య నాలుగేళ్ళలో అలాంటి గీతలు మూడో నాలుగో చూశాడు.



అధ్యక్షులు లేచి పటం ఎత్తి పట్టుకున్నారు. "సోదరులారా, ఈ గీతను చూడండి. సూటిగా పోయింది, సూటిగా వచ్చింది. కాదనను. అయితే ఎవరి ఊరి మీదగా పోయింది? ఎవరి ఊరి మీదగానూ పోలేదు. ఎవరిదీ కాని గీతకు ఎవరు చెయ్యెత్తుతారు?"

ఎవరూ ఎత్తలేదు.

"సాంబశివరావు బాబు గీత కొండలో నుంచి పోయిందండి. నిజం విమానమైతే మనిషి మిగలడు," అన్నాడు ఇన్నయ్య.

"మద్రాసులో కోటప్పకొండ లేదుగా," అన్నారు అధ్యక్షులు.

సాంబశివరావు ప్రాంతీయ సమైక్యతకు చేసిన సేవను గుర్తించి, మద్రాసు సిఫారసు మీద అతని పేరు రాశారు. ఇన్నయ్య సంతకం పెట్టనన్నాడు. మాస్టారి సంతకం అవసరం లేదని ఇంకో తీర్మానం చేసి ముద్ర వేశారు. ఆయన సొంతంగా రాసిన ఉత్తరాన్ని, ముద్ర లేదని మద్రాసువారు తిప్పి పంపారు. ఏప్రిల్‌లో యేసుపాదానికి ఇరవై రెండు నిండాయి.

"నేను తప్పుదారిన పోయానా మాస్టారూ?" అని అడిగాడు.

"లేదు నాయనా. దారిన పోయింది నువ్వొక్కడివే."

"మరి?"

 ఇన్నయ్య అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. యేసుపాదం ఆ చెయ్యి తీసేయలేదు. అదీ ఒక దయే.

సాంబశివరావు గీత ఉన్న పటానికి అద్దం కట్టించి గోడౌను గోడకు తగిలించారు. ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని జనం వచ్చి చూసేవారు. ఆ గీత మీద పోతే ఎవరైనా బతుకుతారా అని ఒక్కరూ అడగలేదు. ఎర్రగీత తమ ఊరిని తాకిన చోట వేలు పెట్టి, పిల్లలకు చూపించి, తృప్తిగా వెళ్ళేవారు. చదువరుల్లో కూడా కొందరు ఈపాటికి, ఇందులో తమ ఊరి పేరు వచ్చిందా లేదా అని వెతుక్కునే ఉంటారు. రాకపోతే సంఘానికి అర్జీ పెట్టుకోవచ్చు. గీత వంచుతారు.

రోజూ ఆఖరి వేలు అద్దం మీద నుంచి లేచేదాకా ఇన్నయ్య ఓపిగ్గా నిలబడేవాడు. వచ్చినవాళ్ళను దీపాల వేళకు వీధి దాకా సాగనంపి, లోపలికి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు వేసేవాడు.