రెండు చేతులూ స్టీరింగ్ మీదే

ఆ గురువారం పొద్దున వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఎనిమిదికి కుర్రబీ నుంచి బయల్దేరాలి. పదకొండుకి నెల్బన్ టౌనులో టీగన్‌కు డ్రైవింగ్ పరీక్ష. అది కాగానే అక్కడి వృద్ధుల సంరక్షణ గృహంలో ఉన్న నానమ్మ బెరిల్‌ను చూసి రావాలి.

పదిహేడేళ్ళ టీగన్ ఆ పరీక్ష పాసవ్వాల్సింది తన కోసం కాదు. తాత క్లెమ్‌కు చూపు మందగిస్తోంది. నెలాఖరుకు లైసెన్సు అప్పగించేయమని డాక్టరు ఖరాఖండీగా చెప్పేశాడు. నెల్బన్‌కు బస్సు లేదు. కాలు విరిగి బెరిల్ అక్కడ చేరినప్పటి నుంచి క్లెమ్ ఒక్క గురువారం కూడా మానలేదు. ఇవాళ టీగన్ పరీక్ష తప్పితే ఇక మానాల్సిందే.

ఆమె అన్న బ్రోడీ పోయినేడు తప్పాడు. కారణం ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆ దారుల్లో ఎదురొచ్చే ప్రతి బండికీ స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు లేపి పలకరించడం ఆనవాయితీ. లేపకపోతే ఆ ఇంట్లో ఏదో జరగరానిది జరిగిందనుకుంటారు. పరీక్షలో బ్రోడీ ఎవరికో వేలు లేపాడట. అడిలైడ్ నుంచి వచ్చిన పరీక్షాధికారిణి ట్రెలోర్, చెయ్యి స్టీరింగ్ వదిలిందని ఫెయిల్ చేసిందట.

"ఇవాళ ఎవరికీ వేలు లేపకు," అన్నాడు క్లెమ్. "ఇంటి గేటు దగ్గర్నుంచే అలవాటు తప్పించాలి. నేనూ లేపను. నోరు కూడా విప్పను, నేనరిస్తే నీకు కంగారు. నన్ను సామాననుకో."

"సామాను ఇంత నీటుగా తయారవదు తాతా," అంది టీగన్.

నిజమే. భార్యను చూడబోతున్నాడు కనుక ఉన్న ఒకే ఒక్క నల్ల సూటు వేసుకున్నాడు. బెరిల్‌కు ఇష్టమైన తెల్ల చామంతుల గుత్తిని గుండెలకు ఆనించి పట్టుకున్నాడు. ఎదురెండకు కళ్ళు మండుతాయని టోపీని ముక్కు దాకా లాక్కున్నాడు. అంచు కింద నుంచి రోడ్డు మీద ఓ కన్నేసి ఉంచాడు. పిల్ల ధ్యాస చెదరకూడదని, చుట్టుపక్కల పొలాల వాళ్ళంతా బండి నుంచి బండికి మాట్లాడుకునే టూ-వే రేడియో ఆపేశాడు.

ఉత్తరపు గాలి గోధుమ చేల మీద నుంచి ఎర్రదుమ్ము ఎత్తిపోస్తోంది. టీగన్ నేర్చుకున్నవన్నీ పాటించింది. దుమ్ములో హెడ్‌లైట్లు వేసింది. కంకర రోడ్డు మీద వేగం తగ్గించింది. మలుపులో బ్రేకు జోలికి పోలేదు. మొహం మాత్రం రాయిలా బిగుసుకుపోయింది.

మొదట ఎదురొచ్చింది పక్క పొలం కెవ్ మడ్జ్ ధాన్యం లారీ. కెవ్ వేలు లేపాడు. జవాబు లేదు. శవయాత్రలో బండిలా పగలే లైట్లు వేసుకుని నెమ్మదిగా వెళుతున్న కారులో అతనికి నల్లసూటు, ఛాతీ మీద తెల్లపూలు, మొహం మీద టోపీ కనిపించాయి.

కెవ్ రేడియోలో అన్నదల్లా క్లెమ్ వాలకం బాగాలేదని. ఆ మాట రెండో పొలానికి చేరేసరికి క్లెమ్‌కు చాలా సీరియస్ అయింది. మూడో పొలానికి చేరేసరికి క్లెమ్ లేడు. పాపం, చిన్నపిల్ల తనే కారు నడుపుకుంటూ తాతను టౌనుకు తీసుకెళుతోంది.

కాసేపటికి అద్దంలో టీగన్‌కు రెండు బండ్లు కనిపించాయి. తర్వాత చాలా కనిపించాయి. అన్నిటికీ లైట్లు వెలుగుతున్నాయి, ఏదీ దాటి పోవడం లేదు. తన నిదానానికి విసుక్కుంటున్నారనుకుని ఆమె ఎడమకు తీసి ఆపింది. బండ్లన్నీ వెనకే వరసగా ఆగాయి. చేసేది లేక మళ్ళీ కదిలింది.

అప్పుడే ఓ కంగారూ రోడ్డు మీదికి దూకింది. టీగన్ స్టీరింగ్ పక్కకు తిప్పకుండా తిన్నగా బ్రేకు తొక్కింది. కంగారూ బతికిపోయింది. క్లెమ్ తల ముందుకు వాలి, వెనక్కి వచ్చి సీటుకు ఆనింది. అతను ఇచ్చిన మాట ప్రకారం కిక్కురుమనలేదు. వెనక కార్లో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు.

ఎదురుగా ఒక ట్రాక్టరు ఆగింది. డ్రైవరు దిగి టోపీ తీసి నిలబడ్డాడు. ఆ తర్వాత ఎదురొచ్చినవాళ్ళూ అంతే.

"తాతా, అందరూ టోపీలు తీస్తున్నారెందుకు?"

క్లెమ్ పెదవులు కదపకుండా గొణిగాడు. "నీకే అమ్మలూ. అంత బాగా నడుపుతున్నావు."

పరీక్షా కార్యాలయం ముందు ఆమె కారు ఆపేసరికి వీధి వీధంతా బండ్లతో నిండిపోయింది. లారీ తిప్పుకుని వెంట వచ్చిన కెవ్ గబగబా వచ్చి టీగన్ భుజం మీద చెయ్యేశాడు. తర్వాత పాత మిత్రుణ్ణి తన చేతులతోనే దించుదామని అటువైపు తలుపు తీశాడు.

"తలుపెయ్యరా కెవ్, దుమ్మొస్తోంది," అంది శవం.

కెవ్ వెల్లకిలా పడ్డాడు. అతను లేచి జరిగిందంతా చెప్పాడు. సంరక్షణ గృహానికి కూడా ఎవరో ఫోన్ చేసి చెప్పేశారట. క్లెమ్ మొహంలో రంగు అప్పుడు నిజంగానే పోయింది.

"నేను నానమ్మ దగ్గరికి నడిచిపోతా. నువ్వు పరీక్షకెళ్ళు," అన్నాడు. "ఇవాళ మానితే వచ్చే గురువారాలన్నీ పోతాయి."

ట్రెలోర్ వచ్చి టీగన్ పక్క సీట్లో కూర్చుంది. క్లెమ్ బతికే ఉన్నాడన్న వార్త అప్పటికే పాకిపోయి, వీధికి రెండు వైపులా జనం సంతోషంతో వేళ్ళు లేపారు. టీగన్ పళ్ళు బిగించి ఒక్కరికీ జవాబివ్వలేదు. చివరి దాకా ఒక్క తప్పూ చేయలేదు.

"పాసయ్యావు," అంది ట్రెలోర్. "కానీ అంత గర్వమెందుకమ్మా? ఎదుటివాళ్ళు పలకరిస్తే వేలైనా లేపవా? నేను వచ్చిన వారానికే నేర్చుకున్నాను."

"వేలు లేపాడనే కదండీ మా అన్నను ఫెయిల్ చేశారు."

"బ్రోడీనా? స్టాప్ బోర్డు దగ్గర ఆగలేదు. అది చెప్పలేదా?"

టీగన్ వెళ్ళేసరికి బెరిల్ మంచం పక్కన క్లెమ్ టోపీ ఒళ్ళో పెట్టుకుని, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఎవరు ముందు ఏడ్చారో తెలియలేదు, ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు పోయావని చెబితే నేన్నమ్మలేదు," అంటోంది బెరిల్. "ఏ టై కట్టుకోవాలో నన్నడక్కుండా ఎక్కడికీ పోడన్నాను."

"ఇది కట్టుకున్నా."

"బాలేదు."

"వచ్చే గురువారం వేరేది తెస్తాలే. ఇదిగో, డ్రైవరు పాసయినట్టుంది."

అప్పటి నుంచి ప్రతి గురువారం ఆ దారిలో టీగన్ పక్కన కూర్చుని క్లెమ్, తాను బతికే ఉన్నట్టు తెలిసేలా ఎదురొచ్చిన ప్రతిదానికీ వేలు లేపుతున్నాడు. చూపు సరిగా ఆనదు కనుక కిలోమీటరు రాళ్ళకు కూడా.