కాలి మీద కాయ

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు, పీర్ల పండుగ పదహైదు దినాలుందనగా, పత్తికొండ పక్క పల్లెలో బొజ్జన్న పొద్దున్నే తలకు నీళ్లు పోసుకుని బస్సుకు బయలుదేరాడు. ఇరవై ఏండ్లుగా పెద్దపీరు ఎత్తుకుని నిప్పుల గుండం తొక్కేది ఆయనే. పాపం, కుడి చీలమండ ముందర రేగిపండంత కాయ లేచింది. పోయిన వారం కర్నూలు డాక్టరు చూసి, నరం మీద నీటితిత్తి, మొదలంటా కోసి తీయాలి, ఈ మంగళవారం రమ్మన్నాడు. ఈ సంగతి ఊరికి తెలిస్తే పీరు దాయాది మారెన్న చేతికి పోతుంది. ఆ మాట తలుచుకుంటేనే బొజ్జన్నకు కడుపు మండిపోయేది. ముల్లు తీసినట్టు తీయించుకుని సాయంత్రానికి ఇల్లు చేరాలని ఆయన ఆలోచన. పెండ్లానికి కూడా చెప్పలేదు.

బస్సు కాడ మారెన్నే ఎదురయ్యాడు. "యాడికి పోతాండావు బొజ్జన్నా?"

నోటికొచ్చింది అనేశాడు. "మా మామకు శానా బాగలేదప్పా. కర్నూలు ఆసుపత్రిలో ఉండాడు."

"అయ్యో! నేనూ వస్తా పా. నిన్ను ఒంటిగా పంపిస్తానా?"

మారెన్నకు ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో! వద్దంటే వినడే. అంతలో ఎవరో పరుగెత్తి ఆ కబురు బొజ్జన్న భార్య రామేశ్వరమ్మ చెవిన వేశారు. "ఓ నాయనా!" అని గుండెలు బాదుకుంటూ ఆమె కూడా వచ్చి బస్సెక్కింది. దారి పొడవునా ఆమె ఏడుపు, మారెన్న ఓదార్పు. బొజ్జన్న సీటు మీద కుదురుగా కూర్చోలేకపోయాడు. నిజం చెబితే పీరు పోతుంది, చెప్పకపోతే బతికున్న మామకు శోకాలు.

ఆసుపత్రిలో ఇద్దరినీ వార్డు వార్డూ తిప్పాడు.

"మా నాయన యాడయ్యా?"

"ఈడనే ఉండాల. మంచం మార్చినట్టుండారు."

అదే వరండాలో మూడోసారి తిరిగేసరికి రామేశ్వరమ్మకు అనుమానం వచ్చింది. అప్పుడే కాంపౌండరు చీటీలు పట్టుకుని బయటికొచ్చాడు.

"కాలి తిత్తి కోతకు బొజ్జన్న! అదే కోతకు మారెన్న! ఇద్దరూ లోపలికి రండి!"

రామేశ్వరమ్మ ఏడుపు ఠక్కున ఆగింది. "అంటే మా నాయనకు?"

"గుండ్రాయి మాదిరి ఉండాడు," అన్నాడు బొజ్జన్న తల వంచుకుని.

మారెన్న మెల్లగా పంచె పైకి లాగాడు. ఎడమకాలి మీద వాడిదీ రేగిపండే! బొజ్జన్నకు ఒళ్లు మండింది. "అందుకా నా వెంట పడినావు?"

"ఊరికి చెప్పేదానికి నాకూ ఒక సాకు కావాల గదప్పా!"

కోతలు బాగానే అయ్యాయి. కట్టు కట్టి డాక్టరు అన్న మాటే ఇద్దరినీ చంపింది. "నెల రోజులు కాలు నేల మీద మోపొద్దు."

రామేశ్వరమ్మ అసలే కోపం మీద ఉంది. ఆ సాయంత్రానికే ఊరంతటికీ తెలిసిపోయింది. బొజ్జన్న గోడ వైపు తిరిగి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ ఏడు పీరు ఎత్తుకున్నది గుండానికి కట్టెలు మోసే గోపన్న. గుండం పక్కనే ఒకే నులకమంచం మీద కట్టుకాళ్లు చాపుకుని కూర్చుని, వాడికి అడుగు సరిగా పడలేదని బొజ్జన్న, మారెన్న జీవితంలో మొదటిసారి ఒకే మాట మీదికొచ్చారు.