కుర్చీలు మార్చుకున్న బేరం

కార్మికులకూ యాజమాన్యానికీ తగవు వస్తే సమ్మెలెందుకు, లాకౌట్లెందుకు? ఒక్క ట్రైనింగు చాలు! నమ్మకం లేని పాఠకులు కాశిబుగ్గ వెంకటరాజం కథ వినాలి.

అది ఎనభై ఒకటో సంవత్సరం. వెంకటరాజం వరంగల్‌లో ఓ నూలు మిల్లు యూనియన్‌కు సెక్రటరీ. అతను గొంతెత్తితే మిల్లు సైరన్ చిన్నబోయేది. ఆ ఏడు అతని డిమాండ్ ఒక్కటే: ఆడవాళ్లకు మరుగుదొడ్డి. మిల్లులో మగవాళ్లకుంది, మేనేజరు గది పక్కనైతే అద్దంతో సహా ఉంది. దారం చుట్టే సెక్షన్‌లోని ఆడవాళ్లకు మాత్రం ప్రహరీ వెనక తుమ్మపొదలు! అటు పోవడానికి సిగ్గుపడి వాళ్లు సాయంత్రం దాకా మంచినీళ్లు ముట్టేవారు కాదు. మే నెల ఎండలో వెంకటరాజం వదిన శ్యామలమ్మ మిషన్ ముందే కళ్లు తిరిగి పడిపోయింది. దవాఖానకు మోసుకుపోయారు.

వెంకటరాజం మండిపడి సమ్మె నోటీసు ఇచ్చాడు. మేనేజర్ కిషన్ రావు భయపడ్డాడా? లేదు. ట్రైనింగు పెట్టించాడు!

హైదరాబాద్ నుంచి సారంగపాణి అనే నిపుణుడు దిగాడు. 'నిర్మాణాత్మక సమష్టి బేరం' అని నల్లబల్ల మీద అందంగా రాశాడు. ఒకరి బాధ ఒకరికి తెలియాలంటే కుర్చీలు మార్చుకోవాలన్నాడు. వెంకటరాజం మేనేజరట, కిషన్ రావు యూనియన్ లీడరట.

మొదట వెంకటరాజం మొండికేశాడు. కానీ ఆ కుర్చీ! చేతులున్నది, గుండ్రంగా తిరిగేది, పైన ఫ్యాను. కూర్చోగానే నడుము దానంతటదే వెనక్కి వాలింది. సాసర్‌లో కప్పు పెట్టి చాయ్ తెచ్చారు.

కిషన్ రావు బల్ల గుద్దాడు. "మా ఆడోళ్లు మంచినీళ్లు తాగుడు బంద్ చేసిండ్రు! మీకు మానవత్వం ఉన్నదా?"

వెంకటరాజం చాయ్ చప్పరించాడు. "చూడు కిషన్ రావూ, ఇది సున్నితమైన విషయం. పరిశీలిస్తం. కమిటీ వేద్దం."

ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు. రుచిగా మాత్రం ఉంది!

"ఎప్పట్లోగ?"

"అన్నిటికీ తొందరైతే ఎట్లనయ్యా? ముందుగాల పనికి పొండ్రి."

చప్పట్లు మోగాయి. సారంగపాణి పులకించిపోయాడు. ఇద్దరూ కౌగిలించుకున్నారు, ఫోటో దిగారు. సమ్మె నోటీసు వాపసు తీసుకుని నిజంగానే కమిటీ వేశారు. అందులో ఆడవాళ్లెవరైనా ఉన్నారా? పాఠకులు తొందరపడకూడదు.

సాయంత్రం అన్నం వడ్డిస్తూ భార్య సరోజన అడిగింది. ఆమెదీ అదే మిల్లు.

"పాయఖాన సంగతి ఏమైంది?"

"అదంత నీకు సమజ్ కాదు. బేరమంటే ఇద్దరూ గెలువాలె. నేను గెలిచిన, సారు గెలిచిండు."

"మరి శ్యామలక్క?"

"పరిశీలిస్తం," అనేసి వెంకటరాజం నాలుక కరుచుకున్నాడు. సరోజన కూర గిన్నె లోపల పెట్టేసింది.

మర్నాడు ఆడవాళ్లంతా మిషన్లు ఆపి, నినాదం లేకుండా, మేనేజర్ బాత్‌రూం ముందు లైను కట్టారు. ముందు శ్యామలమ్మ, వెనక సరోజన. కిషన్ రావు పరుగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా ఇది?"

"ఏం లేదు సారూ," అంది శ్యామలమ్మ. "మీ కమిటీ పరిశీలించేదాంక మేం గీడనే పోతం. మీకు అవసరమైతే లైన్ల నిలబడుండ్రి."

సర్దిచెప్పమని వెంకటరాజాన్ని పిలిపించారు. "ఇది సున్నితమైన..." అని మొదలుపెట్టాడు. సరోజన తిరిగి చూసింది. అతను తలవంచుకుని లైను పక్కన నిలబడ్డాడు.

లైను తరగలేదు. మధ్యాహ్నానికి కిషన్ రావు, కార్మికుల దొడ్డికి పోవడం నామోషీ అయి, అటూ ఇటూ చూసి, గబగబా తుమ్మపొదల వైపు నడిచాడు. తిరిగొచ్చేసరికి పంచె నిండా ముళ్లు. సాయంత్రానికల్లా మేస్త్రీలు పునాది తవ్వుతున్నారు!

ఇది ట్రైనింగు సాధించిన విజయమని సారంగపాణి రిపోర్టు రాశాడు. కాదని ఎలా అంటాం? మగవాళ్లిద్దరూ అంత బాగా బేరం నేర్చుకోకపోతే, తమ బేరం తామే చేసుకోవాలని ఆడవాళ్లకు తెలిసేదా?

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. గోడకు నాపరాయి ఫలకం. దాని మీద కిషన్ రావు పేరు, సారంగపాణి పేరు, వెంకటరాజం పేరు. ఆడవాళ్ల మరుగుదొడ్డి మీద తన పేరు చూసుకుని వెంకటరాజానికి గర్వపడాలో, పారిపోవాలో తోచలేదు. సారంగపాణి మాత్రం తలుపుకు అడ్డంగా నిలబడి పారిశ్రామిక శాంతి గురించి ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

శ్యామలమ్మ ముందుకొచ్చింది.

"పేర్లు మీయే ఉండనియ్యిండ్రి సారూ. జర తలుపు కాడి నుంచి జరుగుండ్రి!"