సాయంత్రం ఐదు దాటాక 'గో' విభాగం

మా నిఘంటు కార్యాలయంలో 'గో' అనే ఇంగ్లీషు క్రియ మీద పని విజయవంతంగా పదకొండో ఏట అడుగుపెట్టిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. వెళ్లడం, పోవడం, చెల్లడం, చెడిపోవడం, ఇలా ఇప్పటికి నూట నలభై రెండు అర్థాలు కార్డులకెక్కాయి. ఒక్క చిన్న మాట కోసం పన్నెండుమంది ఇన్నేళ్లు కదలకుండా కూర్చోవడం సామాన్యమైన విషయం కాదు.

కదలకుండా అన్నది ఊరికే అనలేదు. మా పనివేళలు ఐదింటితో సరి. అయితే ప్రధాన సంపాదకులవారు లేచేదాకా ఎవరూ లేవకూడదు. ఇది ఏ నిబంధనల్లోనూ లేదు కాబట్టి ఎవరూ ఉల్లంఘించలేదు. ఐదు కాగానే అందరం సంచులు ఒళ్లో పెట్టుకుని, ఆయన గాజుగది వైపు చూసీ చూడనట్టు కార్డులు తిరగేస్తాం.

ఒకరోజు టైపిస్టు అక్క కుర్చీ అంచున కూర్చుంది. వాళ్లమ్మకి కంటి ఆపరేషనైంది. ఆరున్నరకి కట్టు విప్పుతారు.

"ముందు నీ మొహమే చూస్తానే అంది. నేను లేకపోతే కళ్లు మూసుకునే కూర్చుంటుంది, ఆవిడ మొండితనం నాకు తెలుసు" అంది మాతో.

మాకు చాలా జాలేసింది. జాలిపడుతూ కూర్చున్నాం.

ఐదూ ముప్పావుకి సంపాదకులవారు బయటికొచ్చారు. అందరి చేతులూ సంచుల మీదికి వెళ్లాయి. ఆయన బల్లకి ఆనుకుని ఉపన్యాసం మొదలుపెట్టారు.

"ఈ 'గో' వెయ్యేళ్లు దాటిన మాట. పైగా దాని భూతకాలం 'వెంట్' దాని సొంతం కాదు, 'వెండ్' అనే ఇంకో క్రియ దగ్గర లాక్కున్నది. అంటే ఏమిటి? వెళ్లడం తేలికే. వెళ్లామని చెప్పుకోవడానికే ఇంకొకరి సాయం కావాలి."

పదకొండుమందిమి రాసుకున్నాం. టైపిస్టు అక్క లేచింది.

"నేను వెళ్తానండి. అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది."

వెళ్లిపోయింది. తలుపు మూసుకుంది. కప్పు కూలలేదు.

సంపాదకులవారు ఆమె కుర్చీలో కూలబడ్డారు. "వెళ్లొచ్చన్నమాట" అన్నారు మెల్లగా. "మీరంతా పనిలో ఉంటే నేనెలా ముందు లేస్తానని ఇన్నేళ్లూ ఆగాను. ఇంట్లో రోజూ చివాట్లే."

మా ప్రాణం లేచొచ్చింది. "తమరు ముందు" అన్నాం. "అబ్బే, మీరే ముందు" అన్నారు. ఈ మర్యాదల్లో ఏడైంది.

మర్నాడు టైపిస్టు అక్క నవ్వుతూ వచ్చింది. కట్టు విప్పగానే వాళ్లమ్మ ఈమెను చూసి, "ఇంత చిక్కిపోయావేమే" అందట. కళ్లు బాగానే పనిచేస్తున్నాయని అందరం సంతోషించాం. ఆ తర్వాత, పనివేళలు దాటాక వెళ్లిపోయి సాటి ఉద్యోగుల మనోభావాలు దెబ్బతీసినందుకు సంజాయిషీ అడుగుతూ ఆమెకు మెమో ఇచ్చాం. నేనూ సంతకం పెట్టాను. ఆమె మీద నాకు కోపం లేదు, వట్టి అసూయే.

నవ్వుకోండి, తప్పులేదు. కాకపోతే ముందు మీ ఆఫీసు గోడ గడియారం చూసుకుని, పై అధికారికి వినపడకుండా నవ్వండి.