కామాగారి పాయింట్లు

అచ్చాపీసులో ప్రూఫులు దిద్దే ఆయన్ని అందరూ కామాగారనే పిలిచేవారు. ఒక్క కామా కోసం కంపోజిటరుతో మూడు రోజులు మాట్లాడడం మానేసిన ఘనత ఆయనది. పరాయివాళ్ల అక్షరాల్లో పేలు దువ్వే ఆ మహానుభావుడు తన క్రెడిట్ కార్డు కాగితం మాత్రం చదవలేదు. పైనున్న పెద్దక్షరాలు చూసి సంతకం పెట్టేశారు.

ఆ పెద్దక్షరాల్లో ఉన్నదేమిటంటే, కార్డు గీకిన కొద్దీ పాయింట్లు వస్తాయని, యాభై వేల పాయింట్లు చేరితే సముద్రం ఒడ్డున హోటల్లో ఇద్దరికి రెండు రోజులు ఉచితమని. కామాగారికి ఒళ్లు పులకరించింది. ఇంట్లో బట్టలు కుట్టి నడుం పట్టేసిన భార్యను ఉన్నట్టుండి సముద్రం ముందు నిలబెట్టాలనుకున్నారు. అయితే సొంత ఖర్చుతో అన్ని పాయింట్లు రావాలంటే పదేళ్లు పడుతుంది. అప్పుడే బుర్రలో దీపం వెలిగింది. పక్కవాళ్లు కొనేవాటికి తన కార్డు గీకి, వాళ్ల దగ్గర నగదు పుచ్చుకుంటే సరి.

మేడమీదావిడ ఫ్రిజ్‌తో బోణీ అయింది. తర్వాత కాంపౌండరు సైకిలు, ఎదురింటి డ్రైవరు పళ్లసెట్టు. దంతాల డాక్టరు దగ్గరికి కూడా వెంట వెళ్లి కార్డు గీకి వచ్చారు. వీధి వీధంతా ఆయన్ని కార్డు బావగారని పిలవడం మొదలుపెట్టింది. ఆయన కాలు నేలమీద నిలవలేదు. రోజూ పాయింట్లు నోటుబుక్కులో ఎక్కించుకున్నారు. ఎవరు డబ్బిచ్చారో, ఎవరివ్వలేదో మాత్రం రాసుకోలేదు.

చేతికొచ్చిన నగదు అప్పుదన్న సంగతి జేబుకేం తెలుసు? జేబు బరువుగా ఉంటే మనసు తేలిగ్గా ఉంటుంది. సముద్రానికి వెళ్లేవాళ్లకు బూట్లు కావాలి గదా అని బూట్లు కొన్నారు. బూట్లకు తగ్గ టోపీ, టోపీకి తగ్గ కళ్లద్దాలు, ఇవన్నీ పెట్టుకోవడానికి చక్రాల పెట్టె వచ్చాయి. ఇదంతా ఎక్కడిదని భార్య అడిగితే, ఆఫీసులో బోనసిచ్చారని కోశారు. ఆ అచ్చాపీసు పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ బోనసిచ్చిన పాపాన పోలేదు.

నెల తిరిగేసరికి లక్షా ఎనభై వేలకు బిల్లు వచ్చింది. జేబులో వెతికితే పదకొండు వేలున్నాయి. కామాగారికి ముచ్చెమటలు పోశాయి. ఇంతలో కిందనున్న ఒక పంక్తి కంటపడింది. కనీసం చెల్లించాల్సింది తొమ్మిది వేలేనట. ఎంత మర్యాదస్తులో అనుకుని అప్పటికప్పుడు తొమ్మిది వేలు కట్టి, ఆ ఆనందంలో అదే కార్డు గీకి మరో జత బూట్లు కొన్నారు.

మరుసటి నెల బిల్లు చూస్తే బాకీ తరిగిన జాడే లేదు. కట్టిన దాంట్లో ఆరు వేలు వడ్డీకే సరిపోయాయి, మిగతాది బూట్లు మింగాయి. అయినా ఆయన అధైర్యపడలేదు. మొదటి కార్డు బాకీని భార్య పేరిట తీసుకునే రెండో కార్డుతో తీర్చే పథకం వేసి, దరఖాస్తు పట్టుకుని కుట్టుమిషను దగ్గరికి వెళ్లి, ఊరికే ఒక సంతకం పెట్టమని అడిగారు.

ఆవిడ మిషను ఆపింది. "ఇందులో అచ్చుతప్పులేమైనా ఉన్నాయా?"

"ఒక్కటీ లేదోయ్. నేను చూశాగా."

"అయితే అడుగున చీమల బారులా ఉన్నదేమిటో చదివి వినిపించండి."

కామాగారు భూతద్దం తీసి చదవడం మొదలుపెట్టారు. వాక్యం వాక్యానికీ గొంతు సన్నబడింది. ఏడాదికి నలభై రెండు శాతం వడ్డీ అన్న చోట గొంతు పూర్తిగా పడిపోయింది.

"మొదటి కార్డుకూ ఇంతేనా?"

"ఇంతే అయ్యుంటుంది," అని ఆయన స్టూలు మీద కూలబడి, ఫ్రిజ్ దగ్గర్నుంచి పళ్లసెట్టు దాకా పూసగుచ్చినట్టు చెప్పేశారు. దాచిన నగలేమైనా అమ్ముదామా అని కూడా నీళ్లు నమిలారు.

ఆవిడ గుడ్డపీలికల డబ్బా తెచ్చి బోర్లించింది. పీలికల మధ్య నుంచి నోట్ల కట్టలు జారాయి.

"మేడమీదావిడ జాకెట్టు కొలతకొచ్చినప్పుడే చెప్పింది. ఆ రోజు నుంచీ అందర్నీ డబ్బు నాకే ఇమ్మన్నాను, మీతో అనొద్దన్నాను. మీ చేతికి చేరింది ఆ ముందరి రెండు మూడు బేరాలదే. మీరేమో లెక్క చూసుకోరు. అంతా నేనే తగలేశాననుకుని కుమిలిపోతారని తెలుసు. కాస్త కుమలనిచ్చాను."

కామాగారు సిగ్గుతో చచ్చి, సంతోషంతో మళ్లీ బతికారు. బాకీ మొత్తం ఆ సాయంత్రమే కట్టేశారు. తక్కువ పడింది ఆవిడ కుట్టుడబ్బులతో పూడ్చింది. దానికి బదులుగా కార్డు ఆవిడ పర్సులోకి వెళ్లింది.

ఇక పాయింట్లు మిగిలాయి. యాభై వేలు దాటాయి. కామాగారు ఉత్సాహంగా ఫోను తీసి హోటల్ గదికి పేర్లు నింపబోయారు.

"నా పేరు రాయండి," అంది ఆవిడ. "రెండోది మా అక్క పేరు."

"మరి నేనో?"

"ఇద్దరికేగా ఉచితం. మూడో మనిషికి డబ్బు కట్టాలి."

బయల్దేరే రోజు ఆయనే చక్రాల పెట్టె లాక్కుంటూ బస్సు దాకా వెళ్లారు. వదినగారు కిటికీలోంచి తల బయటపెట్టి, పైసా పైసా కూడబెట్టి తమను సముద్రానికి పంపుతున్నందుకు మరిదిగారిని నోరారా మెచ్చుకుంది.

కామాగారు టోపీ సర్దుకుని, "అబ్బే, నాదేముందండీ," అన్నారు. ఆ రెండు నెలల్లో ఎవరూ నిలదీయకుండా ఆయన నోట వచ్చిన నిజం అదొక్కటే.