చెదలు తిన్న కంప్యూటర్‌కి పూలదండ

ఒక పెద్ద అడవిలో వాన ఎప్పుడొస్తుందో చెప్పడానికి కూడా ఒక ఆఫీసు ఉండేది. అందులో గుమాస్తా ఒక ఏదుపంది. పేరు సూదులమ్మ. దాని బొరియ వాగు ఒడ్డునే, ముగ్గురు పిల్లలూ అందులోనే. అందుకని వాగు పొంగే సంగతి అడవిలో అందరికంటే ముందు దానికే కావాలి.

ఆ సంగతి చెప్పే వానజోస్యం సాఫ్ట్‌వేర్ ఆఫీసు కంప్యూటర్‌లో ఉండేది. మొదట మామూలుది కొన్నారు, తరవాత దాని మీద అప్‌గ్రేడ్ ఎక్కించారు. ఈలోగా చెదలు ఆ కంప్యూటర్‌ని లోపలినుంచి తీరిగ్గా తినేశాయి. కొత్త కంప్యూటర్ వచ్చింది గానీ, లైసెన్సు పాతదాని పేరునే ఉండిపోయింది.

లైసెన్సుల అధికారి ఉడుము. పట్టిందంటే వదలదని అడవంతా తిట్టుకునేది. అదేదో బిరుదనుకుని దానికి గర్వం.

"అయ్యగారూ, లైసెన్సు కొత్తదానికి మార్చండి. మబ్బు పట్టింది, పిల్లలుగలదాన్ని" అంది సూదులమ్మ.

"కాదన్నానా అమ్మా? ముందు పాత కంప్యూటర్ ఆన్ చేసి, నా కళ్ళముందు సాఫ్ట్‌వేర్ తీసెయ్యి."

"అది చచ్చిపోయిందండీ. చెదలు తినేశాయి."

"అయితే మరీ చిక్కు. ఆ అప్‌గ్రేడ్ చెదలు వాడుకుంటున్నాయేమో! వాడటం లేదని వాటిచేత రాయించుకురా."

"పోనీ కొత్తదాంట్లో అప్‌గ్రేడ్ ఒక్కటీ ఎక్కిస్తానండి."

"దేనిమీద ఎక్కిస్తావు? కింద మామూలుది ఉండాలిగా. గోడల్లేకుండా పైకప్పు వేస్తావా ఏమిటి!"

సూదులమ్మకి ఒళ్ళు మండింది. ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి కూడా. కానీ ఉద్యోగం గుర్తొచ్చి మళ్ళీ పడుకున్నాయి.

మర్నాడు దానికో ఉపాయం తోచింది. ఉడుము కంప్యూటర్‌ని చూడదు, దాని వీపున అంటించిన నంబరు చీటీని చూస్తుంది. సూదులమ్మ పాతదాని చీటీ ఊడదీసి కొత్తదానికి, కొత్తదానిది పాతదానికి అంటించేసింది. ఉడుమును పిలిచి, "బాగుచేయించానండి, సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించుకుంటాను" అంది.

ఉడుము చీటీ చదివింది. "అదే కంప్యూటర్ అయితే నాకేం అభ్యంతరం?" అని సంతకం పెట్టేసింది.

సాఫ్ట్‌వేర్ సగం ఎక్కిందో లేదో, వాకిట్లో డప్పులు మోగాయి. కొత్త కంప్యూటర్ ప్రారంభోత్సవానికి సర్పంచి ఏనుగుగారు వేంచేశారు. ఉడుము చీటీలు చూసి కొత్త నంబరున్నదాన్ని బల్లమీద పెట్టించింది. ఏనుగుగారు దండ వేశారు. ఆ బరువుకి కంప్యూటర్ ఒక పక్కకి ఒరిగి గుప్పెడు మట్టి రాల్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"కొత్తది వచ్చాక పాతదెందుకు?" అన్నారు ఏనుగుగారు. రెండు దున్నలు పాత నంబరున్నదాన్ని బండెక్కించి తుక్కులోకి తోలుకుపోయాయి.

"అయ్యో, అదే కొత్తదండీ! చీటీలు నేనే మార్చాను!" అంటూ సూదులమ్మ బండి వెనక పరుగెత్తింది.

"నువ్వు అబద్ధమాడతావేమో గానీ నంబరు ఆడదమ్మా" అంది ఉడుము.

సూదులమ్మ దారిలోనే కూలబడి ఏడ్చింది. నా అతితెలివి నా పిల్లల్నే ముంచుతుందే అని తలకొట్టుకుంది. ఏడుస్తూ ఏడుస్తూ నేలకేసి చూస్తే, చీమలు. నోట గుడ్లు కరుచుకుని, బారులు తీరి గుట్టమీదికి పోతున్నాయి.

సూదులమ్మ ఏడుపు ఆపి బొరియకి పరుగు తీసింది. "గుట్టెక్కండర్రా, గుట్టెక్కండి!" అని దారంతా అరుస్తూ పిల్లల్ని తోలుకుపోయింది. కుందేళ్ళూ ముంగిసలూ దానివెంటే ఎక్కాయి. సాయంత్రానికి వాగు పొంగి ఆఫీసునీ, దండతో సహా కంప్యూటర్‌నీ ఊడ్చుకుపోయింది. పిల్లలందరూ బతికారు.

మర్నాడు ఉడుము తడి ఆరని ఫైలుతో గుట్టెక్కి, చీమల ముందు నిలబడింది.

"వానజోస్యం మీకెవరిచ్చారు?"

"మా అమ్మ నేర్పిందండీ."

"అంటే లైసెన్సు అమ్మ పేరున ఉంది. అమ్మ వాడటం మానేసినట్టు పత్రం ఏదీ?"

చీమలు పుట్టలోకి తొంగిచూశాయి. వాళ్ళమ్మ లోపల ఇంకా గుడ్లు పెడుతూనే ఉంది.

నీతి: ముంచేవాడికి నంబరుంటే చాలు, కాపాడేవాడు మాత్రం పత్రం చూపించాలి.