మోటారు ముందు మనిషి

ముల్లు విరిగిన కాలితో పరుగెత్తడం కంటే ఆరోగ్యకరమైన పని ఈ భూమ్మీద మరొకటి లేదు! నవ్వకండి. హైదరాబాదులో కూర్చుని అజీర్తి మాత్రలు మింగే మీకు ఈ సంగతి తెలిసే దారి లేదు. నాకూ మొన్నటిదాకా తెలియదు. మానుకోట తాలూకాలో మా బావగారి గడీలో ఒక వారం ఉండి, కళ్లారా చూసి వచ్చాను కాబట్టి చెబుతున్నాను.

మా బావగారు జగపతి దొర. ఈ మధ్య ఆయన మోటారు కొన్నారు. నల్లగా నిగనిగలాడుతుంది. దాని తలుపులో చూసుకుని మీసం దువ్వుకోవచ్చు. నడపడానికి డోర్నకల్లు నుంచి సాంసన్ అనే డ్రైవరును పిలిపించారు.

మోటారుకూ ముల్లుకూ ఏమిటయ్యా సంబంధం అంటారా? వస్తున్నా, అంత తొందరెందుకు!

దొరల సవారీ బయల్దేరిందంటే ముందు ఒక మనిషి పరుగెత్తాలి. తాతల నాటి పద్ధతి. మేనా అయినా, గుర్రం అయినా, ఎద్దుల కచ్చడం అయినా సరే. చేతిలో కట్టె పట్టుకుని "దొర వస్తుండు, తప్పుకోండ్రి!" అని అరుచుకుంటూ ఊరి పొలిమేర దాకా ఒకటే ఉరుకు. దీనికి కూలీ ఉండదు, బువ్వ ఉండదు. దీన్నే వెట్టి అంటారు. ఆ ఊళ్లో ఈ భాగ్యం కొమురయ్య అనే ఆయన ఇంటికి దక్కింది. వాళ్ల తాత మేనా ముందు పరుగెత్తాడు. తండ్రి గుర్రం ముందు పరుగెత్తాడు. కొమురయ్యకు మోటారు వచ్చింది. తరం మారేకొద్దీ ఆ కుటుంబం ఎంత పైకి వస్తోందో చూశారా?

మోటారు ముందు మనిషేమిటని మీలాగే సాంసన్ కూడా అడిగాడు. క్రైస్తవ బడిలో చదువుకున్నవాడు, అడగకుండా ఉండలేడు కదా.

"దొరా, హారన్ ఉన్నది గదా. గది కొడితె జనం వాళ్లే తప్పుకుంటరు. ముంగట మనిషెందుకు?"

మా బావ జాలిగా చూశారు. "హారన్ ఎవడన్న కొంటడు సాంసన్. ముంగట మనిషి ఉరికితెనే దొర సవారి. లేకుంటె గిది బియ్యం లారీ అనుకుంటరు!"

ఎంత లోతైన మాట! కాబట్టి మోటారు కొమురయ్య వేగంతో నడుస్తుంది. ఆయన దగ్గితే మోటారు కూడా ఆగుతుంది. నేను వెళ్లిన మర్నాడు పక్క ఊరికి సవారీ వెళ్లాం. రెండు ఎద్దుబండ్లు మమ్మల్ని దాటిపోయాయి. ఒక ఎద్దు మెడ తిప్పి మోటారులోకి తొంగి చూసింది కూడా. అంత మెల్లగా నడిపితే ఇంజను ఊరుకుంటుందా? బుసబుసా పొగలు కక్కి ఆగిపోయింది. అప్పుడు బావి నుంచి నీళ్లెవరు తేవాలి? కొమురయ్యే! కాళ్లకు పరుగు, చేతులకు చేదడం, మెడకు కుండ. ఒక్క మనిషికి ఇన్ని ఎక్సర్‌సైజులు, అదీ ఉచితంగా! సికిందరాబాదు క్లబ్బుల్లో దీనికి చందాలు కడతారండీ.

ఇలా ఉండగా జిల్లాకు పెద్ద అధికారి అయిన తాలూక్‌దారుగారు వారాంతంలో రైల్లో మానుకోటకు వస్తున్నారని కబురొచ్చింది. స్టేషన్లో మొదటి దండ ఎవరు వేస్తే ఆ ఏడాదంతా వారి మాటే చెల్లుతుంది. గార్ల వైపు నుంచి మరో దొర గుర్రపు బండి మీద బయల్దేరతాడని కూడా తెలిసింది. ఆయన బండి ముందు పరుగెత్తే చంద్రయ్య అనేవాడికి పిక్కల బలం ఎక్కువట. మా బావకు నిద్ర కరువైంది. గుర్రం కంటే మోటారు వేగమైనదే. కానీ కొమురయ్య కంటే వేగమైనది కాదు కదా!

కొమురయ్యను ముందు సీట్లో ఎక్కించుకుని స్టేషన్ దగ్గర దింపుదామని సాంసన్ అన్నాడు. మా బావ మూడు రోజులు అతనితో మాట్లాడలేదు.

ఇక మిగిలింది ఒకటే దారి. కొమురయ్యను మోటారంత వేగవంతుణ్ణి చేయడం! ఆ బాధ్యత నాకు అప్పగించారు. పాశ్చాత్య వ్యాయామ శాస్త్రం మీద నేను ఇంగ్లీషులో ఒక పుస్తకం చదివాను. సగమే అనుకోండి.

గడీ ముందు కొమురయ్యను పిలిచి సంగతి చెప్పగానే ఆయన బావ కాళ్ల మీద పడ్డాడు.

"నీ బాంచెన్ దొరా, గీ కోతలయ్యేదాక నన్ను ఇడువుండ్రి. జొన్న గింజ పట్టింది. పిట్టలు దండుకు దండు పడి తింటున్నయి. బుచ్చమ్మ ఒక్కతె మంచె మీద ఉంటున్నది, చంకల పసిపోరి. గా చారెడు జొన్నలు పోతె ఏడాదంత ఏం తినాలె?"

మా బావ మనసు వెన్న. వెంటనే కరిగారు. "అరే కొమురిగా! స్టేషన్ కాడ నన్ను గెలిపియ్యి. పంట ఇల్లు చేరేదాక నిన్ను పిలిస్తె అడుగు. దొర మాట!"

కొమురయ్య కళ్లు తుడుచుకుని లేచాడు. ఆ క్షణం నుంచి ఆయన పరుగెత్తింది బావ దండ కోసం కాదు, ఆ జొన్నల కోసం. నాకేం? పరుగు పరుగే!

వ్యాయామం మొదలైంది. కడుపు బరువైతే కాలు లేవదని శాస్త్రం. కాబట్టి ఆయన తినే జొన్న గటుక సగం చేయించాను. తీరా చూస్తే ఆయన తినేది మామూలుగానే సగం. దానిలో సగం అన్నమాట. పొద్దున ఎండ ఎక్కకముందు చెరువు కట్ట మీద, ఎండ నడినెత్తికి వచ్చాక కంకర బాట మీద పరుగెత్తించాను. నేను వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని గడియారం చూస్తూ కేకలు వేసేవాణ్ణి. ఆ కేకలతో నా గొంతు బొంగురుపోయింది. శిక్షకుడి కష్టం ఎవరికి తెలుస్తుంది చెప్పండి!

అయినా వేగం చాలలేదు. అప్పుడు మా బావగారి వేటకుక్కను వదలమన్నాను. అద్భుతం! అంతవరకూ ఎవరికీ కనిపించని వేగం బయటపడింది. బాట వదిలేసి తుమ్మల్లో పడి మరీ పరుగెత్తాడు. తిరిగి వచ్చేసరికి కుంటుతున్నాడు. మడమలో తుమ్మముల్లు దిగి, లోపలే విరిగింది.

కూర్చుని ముల్లు తీసుకోబోతుంటే నేను ఆపాను. "తీయకు కొమురయ్యా! మడమలో ముల్లుంటే మడమ నేలకు ఆనదు. మునివేళ్ల మీద ఉరుకుతవు. విలాయత్‌లో పందెపోళ్లంత మునివేళ్ల మీదనే ఉరుకుతరు."

ఆయన ఏమీ అర్థం కానట్టు నా మొహంలోకి చూశాడు.

"ఉరుకుడు పానానికి మంచిది" అని ఓపిగ్గా చెప్పాను. "నెత్తురు మంచిగ తిరుగుతది. ఆకలైతది."

"ఆకలి ఉత్తగనె అయితది చిన్నదొరా."

చూశారా మరి? అదే నేను చెప్పేది! నేను ఆకలి కోసం మందు వాడుతుంటే, ఆయనకు ఉత్తగనే అవుతోంది. ఇది పరుగు మహిమ కాకపోతే మరేమిటి?

ఆ సాయంత్రం బుచ్చమ్మ గడీ ముందుకు వచ్చింది. బిడ్డ చంకలో, పిట్టలను కొట్టే వడిసెల భుజం మీద. "కాలు వాసింది దొరా. రెండు పొద్దులు ఇడువుండ్రి" అని అడిగింది. ఉబ్బితే ఇంకా మెత్తగా ఉంటుంది, చెప్పులు అక్కర్లేదని వివరించాను. ఆమె నన్ను కింది నుంచి పైకి ఒకసారి చూసింది. "జనగామ దిక్కు సంఘం పెట్టిన్రట. వెట్టి ఇగ జెయ్యం అంటున్నరట అక్కడోళ్లు" అని, నాతో కాకుండా గోడతో చెప్పినట్టు చెప్పి వెళ్లిపోయింది. జనగామ వాళ్లకు ఒంటి మీద శ్రద్ధ బొత్తిగా లేదన్నమాట! వ్యాయామాన్ని వద్దనే సంఘం గురించి నేను ఎక్కడా వినలేదు.

పందెం రోజు రానే వచ్చింది. మానుకోట దారి కలిసే చోట గార్ల దొర గుర్రపు బండి మా పక్కకు చేరింది. ముందు ఇద్దరు మనుషులు, వెనక గుర్రం, మోటారు. చంద్రయ్య పిక్కలు నిజంగానే గట్టివి. కానీ కొమురయ్య ఏం పరుగెత్తాడండీ! మడమ ఆననివ్వడు, మునివేళ్ల మీదే. దుమ్ములో నెత్తురు చుక్కల గుర్తులు పడుతున్నాయి. మోటారు చక్రాలు వాటిని తుడిచేస్తూ వచ్చాయి కాబట్టి రోడ్డు కూడా పాడవలేదు. చంద్రయ్య ఏదో అడిగితే "జొన్నలన్నా, జొన్నలు" అనడం నాకు వినిపించింది. చివర్లో చంద్రయ్య ఎందుకో కాస్త వెనకబడ్డాడు. అలసిపోయాడో, జాలిపడ్డాడో నాకు తెలియదు.

మొదటి దండ మా బావదే! తాలూక్‌దారుగారు కొమురయ్యను చూసి "క్యా టాంగేఁ హైఁ!" అన్నారు. ఏం కాళ్లు అని మెచ్చుకున్నారన్నమాట. అంత పెద్ద ఉద్యోగి నోట ఒక వెట్టివాడి కాళ్ల ప్రశంస!

కొమురయ్య కట్టె మీద ఆనుకుని, రొప్పు తగ్గాక మెల్లగా అన్నాడు. "దొరా, ఇగ నేను చేనుకు పోత."

మా బావ పెద్దగా నవ్వారు. "పిచ్చోడా! గింత మంచి కాళ్లు చూసినంక ఇడుస్తరా? తాలూక్‌దారు ఎల్లుండి జనగామ పోతున్నడు, నువ్వు ముంగట ఉరకాలె. ఆ పైన మొగుళ్లపల్లిల పెండ్లి ఉన్నది."

"మాటిచ్చినరు దొరా."

"ఇచ్చిన. గెలుస్తవని నాకేం ఎరుక?"

కొమురయ్య మొహం మీదుగా నీళ్లు కారాయి. చెమట అనుకున్నాను. ఎండ అలా ఉంది మరి.

తిరుగు ప్రయాణం. ఆయన ముందు, మేము వెనక. ఊరి దగ్గర బాట పక్కనే ఆయన జొన్నచేను. మంచె మీద బుచ్చమ్మ, నెత్తి మీద మబ్బులా పిట్టలు. సరిగ్గా అక్కడికి వచ్చాక కొమురయ్య ఆగాడు. కట్టె పక్కన పెట్టాడు. బాట నడుమ చతికిలబడి, కాలు ఒళ్లోకి తీసుకుని, కంచెలోంచి తెంపిన ముల్లుతో మడమలోని ముల్లు తవ్వుకోవడం మొదలుపెట్టాడు.

సాంసన్ బ్రేకు వేశాడు. మా బావ హారన్ కొట్టమన్నారు. కొట్టాడు. కొమురయ్య తల ఎత్తలేదు.

"లెవ్వురా కొమురిగా!"

"ముల్లు తీసుకుంటున్న దొరా."

అంతే! బాంచెన్ లేదు, కాల్మొక్త లేదు. ఇంజను వేడెక్కి పొగలు కక్కింది. నీళ్లు తెమ్మని బావ అరిచారు. తెచ్చేవాడు కూర్చుని ఉన్నాడు కదా! ఇంతలో గిరగిరా తిరిగే చప్పుడు వినబడింది. వడిసెల రాయి వచ్చి మోటారు కుడి కన్ను పగలగొట్టింది. చుట్టుపక్కల మంచెల మీద నుంచి ఆడవాళ్లు దిగారు. చేలలోంచి మగవాళ్లు లేచారు. అందరి చేతుల్లో కొడవళ్లూ వడిసెలలే. ఒక్కరూ పరుగెత్తలేదు, నడుచుకుంటూనే వచ్చారు. అదే నాకు మరీ భయమేసింది.

మా బావ అవతలి తలుపు తీసుకుని దూకారు. ఆయన వెనకే నేను. బాట పక్క కాలువ బురదలో నా బూటు ఒకటి ఊడిపోయింది. ఆగి తీసుకునే తీరిక లేదు.

కొంత దూరం పోయాక వెనక హారన్ మోగింది. తిరిగి చూశాను. ఎవరో ఇంజనుకు నీళ్లు పోసినట్టున్నారు. సాంసన్ మోటారు నడుపుకుంటూ వస్తున్నాడు. వెనక సీట్లో కొమురయ్య, కాలు చాపుకుని మా బావ దిండు మీద పెట్టాడు. పక్కన బిడ్డతో బుచ్చమ్మ. కిటికీలకు ఊరు ఊరంతా వేలాడుతోంది. మోటారు మాత్రం మమ్మల్ని దాటదు! మేము ఎంత వేగమో అదీ అంతే వేగం.

"పైలం సాంసనన్నా, జర మెల్లగ పోనియ్యి" అంటున్నాడు కొమురయ్య. "చిన్నదొర కుంటుతుండు."

నిజమే. బూటు లేని కాల్లో ముల్లు దిగింది. తుమ్మదే. దండం పెట్టాను. ఒక్క క్షణం కూర్చుని తీసుకుంటానని బతిమాలాను. ఏడ్చాను కూడా, దాపరికం ఎందుకు?

బుచ్చమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. "తియ్యకు చిన్నదొరా! మునివేళ్ల మీద ఉరుకు. పానానికి మంచిదంటివి గదా!"

పొలిమేర దాకా సాగనంపి వాళ్లు వెనక్కి మళ్లారు. కొమురయ్య జొన్నలు ఇల్లు చేరాయని తర్వాత తెలిసింది.

ఇప్పుడు హైదరాబాదులో ఉన్నాం. మా బావ పక్క మంచం మీద రెండు కాళ్లూ వేణ్ణీళ్లలో పెట్టుకుని మూలుగుతున్నారు. నా మడమ చూసి డాక్టరు కంగారుపడ్డాడు. ముల్లుతో ఒక్క అడుగు కూడా వేయకూడదట. అలా పరుగెత్తించినవాడు మనిషేనా అని అడిగాడు.

పరుగు గురించి పైన రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా కొట్టేయను. నెత్తురు నిజంగానే తిరుగుతుంది. ఆకలి నిజంగానే అవుతుంది. కాకపోతే సంపాదకులవారికి ఒక మనవి. నేను అడుగు తీసి అడుగు వేయలేను. ఈ కాగితాలను ప్రెస్సుకు తీసుకుపోవడానికి ఎవరినైనా పంపండి. మా వీధిలో అందరినీ అడిగాను, ఉరుకుడు పానానికి మంచిదని నచ్చజెప్పాను కూడా. కూలీ ఎంతిస్తావని అడుగుతున్నారు.